మలుపు ఎలా తిరుగుతుందని ఎవరూ అడగరు

సూరత్‌లో పాత కారు బేరం ఎక్కడ కనబడినా నేను కాసేపు ఆగుతాను. ఉధ్నా వైపు రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన సెకండ్‌హ్యాండ్ బళ్ల దగ్గర కావచ్చు, లింబాయత్‌లో మా గల్లీ మొగదల చాయ్ బండి పక్కన ఇద్దరు మనుషులు ఒక తెల్ల మారుతి బానెట్ మీద చేతులు ఆనించి మాట్లాడుకుంటున్నప్పుడు కావచ్చు. భాష గుజరాతీ అయినా, హిందీ అయినా, మన తెలుగయినా అడిగే మాటలు మాత్రం అవే. ఏవరేజ్ ఎంత? సీఎన్‌జీ కిట్ ఎప్పుడు వేయించారు? ఏసీ పనిచేస్తోందా? పాసింగ్, అంటే రిజిస్ట్రేషన్ గడువు, ఇంకా ఎన్నేళ్లుంది? ఎందరి చేతులు మారింది? అడగవలసినవే ఇవన్నీ. మార్కెట్‌లో పార్సిళ్లు కట్టి, సాంచెల (మరమగ్గాల) మీద పన్నెండేసి గంటలు నిలబడి, చీరలకు లేసులు కుట్టి పోగేసిన డబ్బుతో కొనే బండి గురించి మనిషి ఇంకేం అడుగుతాడు? అయినా నన్నొక సంగతి తొలుస్తూనే ఉంటుంది. ఆ బండి మలుపు ఎలా తిరుగుతుందని ఎవరూ అడగరు. స్టీరింగు తిప్పాక ముందు చక్రాలు ఎంతసేపటికి మాట వింటాయి, బరువు ఏ పక్కకు ఒరుగుతుంది, ఏ వేగం దగ్గర టైరు నేల మీద పట్టు వదిలేస్తుంది? రోజూ మనల్నీ మన పిల్లల్నీ కూర్చోబెట్టుకుని తిరిగే యంత్రం గురించి ఇంత ముఖ్యమైన సంగతి ఎవరికీ ఎందుకు పట్టదు? పట్టించుకోవలసిన అవసరం ఎన్నడూ రాకపోవడమే అదృష్టం అనుకోవాలా?

నాకు పట్టడానికి కారణం ఉంది. ఆటోక్రాస్ నడపడానికి ఒక చవక పాత కారు కోసం వెతుకుతున్నాను. రేసు అనగానే పక్కపక్కన దూసుకుపోయే బళ్లు కళ్ల ముందు మెదులుతాయి గానీ ఇది అలాంటిది కాదు. ఒక ఖాళీ మైదానం, దాని మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి గీసిన వంకరటింకర దారి, ఒక సమయంలో ఒకే ఒక్క బండి. జెండా ఊపగానే బయల్దేరి, కోన్ల మధ్య నుంచి తిప్పుకుంటూ వెళ్లి, మళ్లీ వచ్చి గీత మీద ఆగాలి. పోటీ గడియారంతోనే. కోను తగిలితే సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగే పోయినట్టు. చాలాచోట్ల రెండో గేరు దాటే పని ఉండదు. అమెరికాలో దీన్ని పెద్ద పెద్ద పార్కింగ్ స్థలాల్లో, వాడకం ఆగిపోయిన విమానాల రన్‌వేల మీద ఆడతారు. అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్ 1973 నుంచి జాతీయ పోటీ జరుపుతోంది. మన దేశంలో ఎక్కువగా మట్టి మీదే. ట్యాంకరుతో నీళ్లు చల్లి దుమ్ము అణచినా, పది బళ్లు తిరిగేసరికి మలుపుల దగ్గర గాళ్లు పడతాయి. తర్వాత వచ్చేవాడికి దారి అదే, నేల మాత్రం వేరే. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా లైసెన్సు ఇస్తుంది, ఇంజిను సైజును బట్టి తరగతులు విడదీస్తారు. సూరత్‌లో రేసింగ్ ట్రాక్ అంటూ లేదు. సాపుతారా ఘాటు ఎక్కి దిగితే వచ్చే నాసిక్‌కు మాత్రం ర్యాలీలతో పాత చుట్టరికం ఉంది, ర్యాలీ ఆఫ్ మహారాష్ట్ర అక్కడ జరుగుతూ వచ్చింది. దక్షిణాదిన కోయంబత్తూరు ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చవకగా, పాతదిగా ఎందుకు అని అడిగేవాళ్లకు డబ్బు లేక అని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే. కానీ అదొక్కటే నిజమైతే ఈ వెతుకులాటలో నాకింత ఆనందం ఉండేది కాదు. పాతదాన్ని చూసి ఎంచుకోవడం ఒక విద్య అని నాకు చిన్నప్పుడే తెలుసు. మా బాపు సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచెలు నడిపినవాడు. కొంత కాలానికి సొంతంగా నాలుగు సాంచెలు పెట్టుకోవాలని పాతవి చూడబోతే నన్ను వెంట తీసుకుపోయేవాడు. బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు మూతపడి, వాటి మగ్గాలు చేతులు మారుతూ భివండీ, మాలేగావ్, సూరత్ షెడ్లకు చేరిన కాలం అది. బాపు మగ్గం చుట్టూ ఒకసారి తిరిగేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. బెల్టు తీయించి, చక్రం చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకున్నంత పని చేసి మెల్లగా తిప్పేవాడు. క్రాంకు ఒకచోట బిగిసి ఇంకోచోట వదులైతే అది అతని బొటనవేలికి తెలిసిపోయేది. పేకను కొట్టే పలక ముందుకొచ్చి ఆగినచోట పట్టుకుని ఊపి చూసేవాడు. నాడె (షటిల్) వచ్చి తగిలే పెట్టెలో తోలు ఎంత అరిగిందో గోటితో గీకి చూసేవాడు. రంగు వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. "రంగు ఎవడన్న ఏస్తడు బిడ్డా, ఇనుము ఏమంటున్నదో ఇను" అనేవాడు. అమ్మేవాడు ఎంత పొగిడినా వినిపించుకోని ఆ బొటనవేలు ఇప్పుడు పాత కార్ల స్టీరింగు పట్టుకున్నప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. స్టీరింగును అరంగుళం అటూ ఇటూ ఆడిస్తే చక్రం కదలకముందు ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. అది చెప్పే సంగతి ఓడోమీటరు చెప్పదు.

తర్వాతి కథ సూరత్‌లో అందరికీ తెలిసిందే. 1999లో కేంద్రం టెక్నాలజీ అప్‌గ్రడేషన్ ఫండ్ స్కీము తెచ్చింది, క్రమంగా నాడె లేని రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాయి, నాడె సాంచెలు తుక్కు కింద తూకానికి పోయాయి. బాపువీ పోయాయి. తుక్కువాడి కాంటా మీద బరువెక్కువున్నదే ఎక్కువ విలువ. ఆటోక్రాస్‌లో లెక్క సరిగ్గా తిరగబడుతుంది, బరువు తక్కువున్నదే విలువ. పదిహేనేళ్లు దాటిన మారుతి జెన్‌ను తుక్కుకొట్టుకు తోలుకెళ్తే చిన్న కారు, ఇనుము తక్కువ అని ధర తగ్గిస్తాడు. ఆ ఇనుము తక్కువ కావడం వల్లే అది నాకు కావాలి. ఒకే వస్తువుకు రెండు కాంటాలు ఉంటే దేన్ని నమ్మాలి? బాపు సాంచెలు లారీ ఎక్కుతున్నప్పుడు ఈ ప్రశ్న నా మనసులో లేదు. ఉంటే ఒక్క సాంచెనయినా ఆపమని అడిగేవాణ్ణేమో. ఆపి ఏం చేసేవాళ్లం అన్నది వేరే సంగతి.

పాత కారును ఎంచుకుని, విప్పి, పోటీకి కట్టుకోవడం బీదతనానికి సర్దుబాటు కాదని నాకు పుస్తకాలు కూడా చెప్పాయి. 1922లో మొదలైన ఆస్టిన్ సెవెన్ ఇంగ్లండులో మామూలు సంసారుల కారు. ఇరవై, పాతికేళ్లు గడిచేసరికి అది ఎవరికయినా అందేంత చవకయింది. 1948లో కాలిన్ చాప్‌మన్ అనే కుర్రవాడు లండన్‌లో అలాంటి పాత సెవెన్ ఒకటి తీసుకుని, స్నేహితురాలు హేజెల్ వాళ్లింటి వెనక గరాజులో దాని పై ఒళ్లంతా పీకేసి తేలికైన కొత్త ఒళ్లు కట్టాడు. మొదటి లోటస్ అదే. న్యూజీలాండ్‌లో బ్రూస్ మెక్‌లారెన్ పోటీ నడపడం నేర్చుకున్నదీ 1929 నాటి ఆస్టిన్ సెవెన్ మీదే. తర్వాత ఈ ఇద్దరి పేర్లూ ఫార్ములా వన్‌లో ఎంత పెద్దవయ్యాయో చెప్పనక్కర్లేదు. నాకు ముఖ్యమనిపించేది ఆ తొలి బళ్లు పాడైపోతాయేమోనన్న భయం లేకుండా విప్పదగినవి కావడం. కొత్త ఖరీదైన బండి అయితే హేజెల్ వాళ్ల నాన్న గరాజు తలుపు తీసేవాడా?

మన దేశంలో ఆ స్థానం మారుతి 800ది. 1983 డిసెంబరులో మొదటి బండి తాళం ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. మూడు సిలిండర్లు, 796 సీసీ. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ ఆ చిన్న ఇంజిను తీసుకుని ఒంటి సీటు రేసు కార్లు కట్టాడు, 1980ల చివర్లో. ఫార్ములా మారుతి అని పిలిచేవాళ్లు వాటిని. అంతకుముందు చెన్నై దగ్గర షోలవరం పాత విమానాల బాట మీద మార్పులు చేసిన ఫియట్లూ, విదేశాల నుంచి తెచ్చిన బళ్లూ పరిగెత్తేవి. అక్కడికి చేరగలిగినవాళ్లు కొద్దిమందే. కరివర్ధన్ బండి ఆ గేటును కొంచెం వెడల్పు చేసింది. నారాయణ్ కార్తికేయన్ 1993లో ఫార్ములా మారుతి నడిపాడు, 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరు మీద కట్టిన కరి మోటార్ స్పీడ్‌వే ఇప్పటికీ నడుస్తోంది. ఆయన వచ్చింది లక్ష్మీ మిల్స్ కుటుంబం నుంచి. ఇంట్లో తెలుగు మాట్లాడే కోయంబత్తూరు నాయుళ్ల కుటుంబాలు నూలు మిల్లులు పెట్టి, ఆ మిల్లుల కోసం ఫౌండ్రీలు, లేతులు, పంపుల కార్ఖానాలు పెంచిన ఊరది. దారం వడికే యంత్రాన్ని బాగుచేసిన చేతులే రేసు కారు చట్రాన్ని వెల్డు చేశాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు సూరత్ మీద కొత్త ఆశ. ఇక్కడా బట్టే, ఇక్కడా లేతులే. జాకార్డు మిషన్ చప్పుడు విని ఏ సూది వంగిందో చెప్పేవాళ్లున్నారు. వరాఛాలో వజ్రపు ముఖాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా సానపట్టేవాళ్లున్నారు. కోయంబత్తూరుకు దొరికినట్టు ఈ ఊరికీ వర్క్‌షాపు తలుపులు తెరిచి పెట్టే మనిషి దొరికితే ఏం జరుగుతుంది? 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మా చుట్టాలు ఫోటోలు పంపి సంబరపడ్డారు. మరుసటేడు రేసు రద్దయింది. పైనుంచి వచ్చిన పండగ పైనుంచే వెళ్లిపోయింది. నాలుగు కోన్లు, ఒక మైదానం, ఒక పాత జెన్ ఉన్నచోట ఆటను ఎవరూ అలా రద్దు చేయలేరని నా నమ్మకం.

సరే, ఏ కారు? అమెరికావాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు చాలాకాలంగా సిద్ధంగా ఉంది. 1989లో వచ్చిన మాజ్డా మియాటా చిన్నది, తేలిక, వెనక చక్రాలతో నడిచేది, పాతది చవక. మన దగ్గర అది అమ్మలేదు. వెనక చక్రాల బండి కావాలంటే ఫియట్ పద్మిని ఉంది గానీ దాని మీద ఇప్పుడు పాతకార్లు దాచుకునేవాళ్ల కన్ను పడింది, చవక అన్న మాట పోయింది. అసలు గుజరాత్‌లోనే, హాలోల్‌లో తయారైన ఒపెల్ కోర్సా నాకు చాలా ఇష్టం. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. కానీ జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఒపెల్ అంతకుముందే పోయింది. ఒక్క లోయర్ ఆర్మ్ కోసం ఊళ్లు తిరగాలి. ఫోర్డ్ ఐకాన్ 1.6 తొంభై దాటిన హార్స్‌పవర్‌తో నిజంగా ఉరికే బండి. ఫోర్డ్ కూడా 2021లో మన మార్కెట్‌కు తయారీ మానేసింది. హోండా సిటీ 1.5 వీటెక్ వంద హార్స్‌పవర్ దాటుతుంది, మన ర్యాలీల్లో ఎంతో పేరు తెచ్చుకుంది. అయితే బాగున్న బండి దొరకదు, దొరికినవాడు అమ్మడు. 2005లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోలు 1.3 మంచి ఎంపికే. కాకపోతే దానికింకా మామూలు వాడకంలో గిరాకీ ఉంది గనక ధర దిగలేదు.

మిగిలింది మారుతి పాత ముగ్గురు. 800 ఇంచుమించు 650 కిలోలు, 37 హార్స్‌పవర్. జెన్ 750 కిలోలకు అటూఇటూ, తర్వాతి ఎంపీఎఫ్ఐ రకంలో 60 హార్స్‌పవర్. ఎస్టీమ్ 875 కిలోలు, పదహారు వాల్వుల 1.3 ఇంజినులో 85. టన్నుకు ఎంత బలం అని లెక్కేస్తే 800కు 57, జెన్‌కు 80, ఎస్టీమ్‌కు 97 వస్తాయి. కాగితం మీద ఎస్టీమ్‌దే గెలుపు. దేశంలో ర్యాలీ నడిపినవాళ్లలో చాలామంది చేతులు తిరిగింది దాని మీదే. కానీ ఎస్టీమ్‌కు వెనక పెద్ద డిక్కీ, జెన్ కంటే అరమీటరుకు పైగా పొడవు. దగ్గర దగ్గరగా పెట్టిన కోన్ల మధ్య ఆ తోక కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. జెన్ దాని నాలుగు చక్రాల మీద ముడుచుకుని కూర్చుంటుంది. మెత్తటి మట్టి మీద హ్యాండ్‌బ్రేకు లాగితే వెనకభాగం ఎక్కడికి రావాలో అక్కడికి వస్తుంది, వదలగానే నిలబడుతుంది. ముందు చక్రాల బండి మలుపులో ముక్కు బయటికి లాగుతుందని అందరూ చెబుతారు, నిజమే. అయితే తేలిక బండి ఆ సంగతిని ముందే చెబుతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది చేతుల్లో. యాక్సిలరేటరు మీద పాదం కొద్దిగా ఎత్తితే ముక్కు మళ్లీ లోపలికి వస్తుంది. ఈ మాటా మారుమాటా జెన్‌లో చాలా స్పష్టంగా జరుగుతాయి. పాదానికీ థ్రాటిల్‌కూ మధ్యలో కంప్యూటరు లేదు, కేబులు ఉంది. ఒక యంత్రం మీద మనసు పడటానికి ఇంతకంటే ఏం కావాలి?

సూరత్‌లో పాత కారు చూడాలంటే ఈ ఊరికి ఏమేం జరిగిందో తెలిసి ఉండాలి. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది ఊరి మీద పడింది. రాందేర్, అడాజన్ వైపు ఇళ్ల మొదటి అంతస్తుల దాకా నీళ్లు. ఎన్ని కార్లు మునిగాయో, ఎన్ని కడిగి తుడిచి మళ్లీ అమ్ముడయ్యాయో! అంతకుముందు తయారైన జీజే-05 నంబరు బండి ఏది కనబడినా నేను ముందు బానెట్ ఎత్తను, వెనక సీటు బెల్టు చివరిదాకా లాగుతాను. రోజూ ఎవరూ అంతదూరం లాగరు కదా, ఎంత కడిగినా రీలు లోపలి చుట్టల్లో ఒండ్రు గీత మిగిలిపోతుంది. పట్టీ మీద సన్నగా, చాయ్ రంగులో, వంకర లేకుండా ఉంటుంది ఆ గీత. వేలితో రుద్దితే పొడి రాలదు, నేతలో కలిసిపోయి ఉంటుంది. ఆ గీత చూసిన ప్రతిసారీ బండి కంటే ముందు ఆ నాలుగు రోజులు మిద్దెల మీద గడిపిన మనుషులు గుర్తొస్తారు. లింబాయత్ వైపు ఖాడీ (వాగు) పొంగితే ఇప్పటికీ గల్లీల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, అందుకని తర్వాతి బళ్లనయినా తేలిగ్గా వదలకూడదు. సీటు పట్టాల కింద చెయ్యి పెట్టి చూడాలి. కార్పెటు లేపి ఫ్లోరు మీద స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఖణ్ మంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, పుట్టీ పెట్టి రంగేసినచోట అయస్కాంతం నిలవదు. సముద్రపు గాలి మిగతా పని చేస్తుంది. వెనక షాకు బిగించే చోట, తలుపుల కింది సైలు పట్టీల అడుగున, బ్యాటరీ కింద చూడాలి. ఇంజిను పోతే ఇంకోటి దొరుకుతుంది. ఒళ్లు పోయిన కారును రేసుకు కట్టడం అసాధ్యం, చేయనూ కూడదు.

రెండోది సీఎన్‌జీ. ఈ రాష్ట్రంలో గ్యాసు కొట్టించని పాత మారుతి దొరకడం కష్టం. డిక్కీలో ఆ సిలిండరు అరవై కిలోల దాకా తూగుతుంది. దాన్ని తీయించేస్తే, ఆర్‌సీలో ఇంధనం మార్పించుకుంటే బరువు సమస్య తీరుతుంది. కానీ ఏళ్ల తరబడి గ్యాసు మీద వేడిగా నడిచిన ఇంజినులో వాల్వు సీట్లు అరిగి ఉంటాయి, కంప్రెషన్ చూడకుండా మాట ఇవ్వకూడదు. మా మెకానిక్ ఉస్తాద్ ఇంకో సంగతి నేర్పాడు. మామూలు కొనుగోలుదారు ఐదు గేర్లూ వేసి చూస్తాడు, మనకు రెండోదే ప్రాణం. బండి వేగంగా ఉన్నప్పుడు మూడు నుంచి రెండుకు దించితే గరగరమందా, సింక్రో పోయినట్టే. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి గుండ్రంగా నడిపితే ముందు చక్రం దగ్గర టిక్కుటిక్కుమందా, యాక్సిల్ జాయింటు అయిపోయింది. ఇవన్నీ బాగుచేయించుకోదగ్గవే, ధరలో తగ్గించుకోదగ్గవే. ఉస్తాద్ మాట్లాడుతుంటే నాకు బాపు బొటనవేలే కనబడుతుంది.

ఇంత చెప్పినా ఒక అనుమానం వదలదు. వేగాన్ని ఇలా ముద్దు చేయడం సరైనదేనా? 2023 జులై 20న, ఇంకా తెల్లవారకముందే, అహ్మదాబాద్ ఇస్కాన్ వంతెన మీద ఒక ఖరీదైన కారు జనం మీదికి దూసుకెళ్లి తొమ్మిదిమంది ప్రాణాలు తీసింది. అప్పటికే జరిగిన ఇంకో ప్రమాదం దగ్గర సాయానికి, చూడటానికి నిలబడ్డ మనుషులు వాళ్లు. గంటకు 140 కిలోమీటర్లు దాటిన వేగమని పోలీసుల దర్యాప్తు చెప్పింది. ఆ వార్త చదివిన వారమంతా నేను పాత కార్ల ప్రకటనలు తెరవలేకపోయాను. నేను వెతుకుతున్నదీ అదే దాహానికి చిన్న రూపమా? చాలా ఆలోచించాను. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు గానీ ఒక తేడా మాత్రం కనబడుతుంది. ఈనాటి పెద్ద కార్లు వేగాన్ని దాచిపెడతాయి. వెడల్పు టైర్లు, మందపాటి అద్దాలు, నిశ్శబ్దం. 140లో కూడా సీటులో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. హద్దు ఉందని తెలిసేసరికి హద్దు దాటిపోయి ఉంటుంది. సన్నటి టైర్ల పాత జెన్ మట్టి మీద గంటకు నలభై, యాభై కిలోమీటర్ల దగ్గరే తన హద్దు చూపిస్తుంది. పట్టు ఎలా జారుతుందో, జారాక తిరిగి రావడానికి ఎంత నేల కావాలో, పొరపడితే ఎవరికీ ఏమీ కాని చోట, ప్లాస్టిక్ కోను తప్ప పడిపోయేది ఏదీ లేని చోట ఒళ్లంతటికీ తెలుస్తుంది. ఇది తెలిసినవాడు రోడ్డు మీద నెమ్మదిస్తాడని హామీ ఇవ్వగలనా? లేను. కానీ తెలియనివాడి చేతుల్లో పెద్ద ఇంజిను పెడుతున్న కాలంలో, చిన్న ఇంజిను మీద మొదట నేర్చుకునే చోట్లు ప్రతి ఊళ్లో ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. చవక, పాత అన్న రెండు మాటలూ నాకు అక్కడ వేరే బరువుతో వినబడతాయి. పోగొట్టుకోగలిగిన బండి మీదే మనిషి భయం లేకుండా నేర్చుకుంటాడు, తక్కువ వేగంలోనే హద్దు చూపించే బండే నేర్పుతుంది.

కట్టడం అంటే ఏవేవో తగిలించడం అనుకుంటారు. నేను చేయబోయేది చాలావరకు తీసేయడమే. గ్యాసు సిలిండరు, వెనక సీటు, స్టెప్నీ, మ్యాట్లు, స్పీకర్లు. ఆ తర్వాత అరిగినవి కొత్తవి వేయడం. బుష్షులు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, షాకులు, ఇంజిను మౌంటింగులు. టైర్ల మీద మాత్రం పిసినారితనం చేయకూడదు. టైరు గోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేడేళ్ల రబ్బరు రాయే. హెల్మెట్, బెల్టు కొత్తవే కొంటాను, ఆ లెక్క కారు ధరలో కలపను. రోల్ కేజ్ వేసి, లోపలంతా ఖాళీ చేస్తే అది రోడ్డు మీదికి రాకూడదు. తయారీదారు ఇచ్చిన రూపం మార్చిన బండిని రిజిస్టరు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ప్రతి పోటీకీ ట్రాలీ మీద ఎక్కించుకుపోవాలి, నాసిక్ దాకా ఆ ఖర్చు నా లెక్కకు అందదు. కాబట్టి మొదట్లో మార్పులు తక్కువున్న తరగతిలోనే. వయసు మీరిన బండికి పాసింగ్ మళ్లీ చేయించే రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. పాతవాటిని రోడ్ల మీద నుంచి తీసేయాలన్న ఉద్దేశం నాకర్థమవుతుంది, పొగ నేనూ పీలుస్తున్నాను. ఏడాదిలో కొన్ని ఆదివారాలు మాత్రం మైదానంలో తిరిగే బండికి వేరే దారేదయినా ఉంటే బాగుండునని మనవి చేసుకుంటున్నాను, అంతే.

బాపుకు ఈ సంగతి చెప్పినప్పుడు ముందు ఆయన అడిగింది ఒకటే. "గిది ఏం సంపాయిస్తది?" సంపాదించదన్నాను. కాసేపు ఊరుకుని, "మరి ఏం నేర్పుతది?" అన్నాడు. కోన్ల గురించి, రెండో గేరు గురించి, చక్రం పట్టు వదిలే క్షణం గురించి తోచినంత చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. క్రాంకు చూశావా అని మాత్రం అడిగాడు. ఇంకా లేదన్నాను. బార్డోలీలో ఒక 2003 జెన్ ఉంది, జీజే-19 నంబరు, ఒకే యజమాని, గ్యాసు వేయించలేదంటున్నాడు. ఇక్కడ ఉధ్నాలో ఒక ఎస్టీమ్ ఉంది, ఇంజిను బ్రహ్మాండంగా ఉంది, ఎడమ పక్క సైలు పట్టీ మీద నాకు అనుమానం ఉంది. నా మొగ్గు జెన్ వైపే. ఆదివారం ఉస్తాద్‌నీ బాపునూ తీసుకుని బార్డోలీ వెళ్తున్నాను. జాకీ, టార్చి, అయస్కాంతం, కంప్రెషన్ గేజీ సంచిలో పెట్టాను. ఫ్లోరు గట్టిగా పలికి, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గర అంకె చూపిస్తే అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తాను. లేకపోతే సాయంత్రానికి ఉధ్నా వచ్చి ఆ ఎస్టీమ్‌ను లిఫ్టు ఎక్కించి సైలు పట్టీ కింద చూడాలి.